పడవ మొత్తం మాట్లాడుకున్నాక ఏం అడగాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్లే మా ఈడు వాళ్లు అక్కడున్నా పొద్దున్నే ఫోన్‌లో మీ పత్రికే చదువుతారు. వాళ్ల కోసం, ఇక్కడ పడవలెక్కే మనందరి కోసం ఈ ఉత్తరం. హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్న మన పిల్లలు లాంగ్ వీకెండ్ వస్తే లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లీన్స్‌కు బయల్దేరుతున్నారు. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక పడవ మొత్తం మాట్లాడుకుని అక్కడి చిత్తడి అడవిలో తిరిగి రావడం ఇప్పుడు మామూలైపోయింది. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, రిటైర్మెంట్లు అన్నీ ఆ పడవల మీదే చేసుకుంటున్నారు. మొన్న అక్టోబరులో మా అమ్మాయి స్నేహితురాలి నలభయ్యో పుట్టినరోజుకని మేమూ వెళ్లాం. కాకినాడ తిరిగొచ్చాక ఫొటోలు చూసినవాళ్లంతా అడిగే ప్రశ్నలు ఒకటే. మొసళ్లు పడవ మీదికి వస్తాయా? డెబ్బై దాటిన అత్తగారిని ఎక్కించొచ్చా? లోపల బాత్రూమ్ ఉంటుందా?

ఇవన్నీ చెబుతాను. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఇంకోటి ఉంది. పడవ మొత్తం మనమే మాట్లాడుకున్నాక నడిపే ఆయన్ని ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు? ఆ పూట ఎలా గడుస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడి ఉంటుంది. నేను ఉద్యోగమంతా హైస్కూల్లో నేచురల్ సైన్స్ చెప్పినదాన్ని. మావారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. మేమిద్దరం చూసిన చూపులో ఆ మాత్రం పక్షపాతం ఉంటుంది.

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు కారులో ఆరు గంటలు. ఊళ్లోంచి మిసిసిపీ నది మీద వంతెన దాటి దక్షిణంగా అరగంట పోతే మరేరో, లఫీట్ అనే ఊళ్లు వస్తాయి. అదంతా బరటేరియా ప్రాంతం. రెండు వందల ఏళ్ల కిందట ఆ కాలవల్లో దాక్కుని దొంగసరుకు నడిపిన జీన్ లఫీట్ పేరే ఆ ఊరికీ, అక్కడి జాతీయ పార్కుకీ పెట్టారు. న్యూ ఆర్లీన్స్‌కు ఈశాన్యాన స్లైడెల్ దగ్గర పెర్ల్ నది పక్కన హనీ ఐలండ్ అనే మరో చిత్తడి ఉంది. అక్కడా పడవలు నడుస్తాయి. మేము వెళ్లింది బరటేరియా వైపు.

పడవలు రెండు రకాలు. ఎయిర్‌బోట్ అంటే అడుగు చదునుగా ఉండే పడవ, వెనక మనిషికన్నా ఎత్తైన ఫ్యాను. నీళ్లు జానెడే ఉన్నా, గడ్డి అడ్డమొచ్చినా దూసుకుపోతుంది. చెవులకు పెట్టుకోవడానికి మఫ్‌లు ఇస్తారు, అవి లేకుండా కూర్చోలేం. కుర్రాళ్లకు భలే సరదా. నడుం నొప్పి ఉన్నవాళ్లకు, చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం వద్దంటాను. రెండోది పాంటూన్. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద పరిచిన వేదిక, పైన కప్పు, చుట్టూ బెంచీలు, పక్కలు బార్లా తెరిచి ఉంటాయి. పెద్దగా ఒరగదు, నెమ్మదిగా పోతుంది, మధ్యలో కేకు కోసుకునేంత చోటుంటుంది. పార్టీలకు మాట్లాడుకునేది దీన్నే. మేము ఎక్కిన రేవులో గట్టు, పడవ ఒకే ఎత్తులో ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్న మా వియ్యపురాలు గారు కూడా చెయ్యి ఆసరాతో ఎక్కేశారు. కాబట్టి అత్తగార్లను నిక్షేపంగా తీసుకెళ్లండి. రేవు ఎలా ఉందో, మెట్లున్నాయో లేదో మాత్రం బుక్ చేసేటప్పుడే ఫోన్లో కనుక్కోండి.

ఇంకొన్ని సంగతులు కూడా ముందే కనుక్కోవాలి. రేటు మనిషికా, పడవకా? మన తిండి, డ్రింకులు తెచ్చుకోవచ్చా? మాకైతే కూలర్ తెచ్చుకోమన్నారు, గాజు సీసాలు మాత్రం వద్దన్నారు. పులిహోర, గారెలు, ఒక పెద్ద డబ్బా నిండా ద్రాక్షపళ్లు తీసుకెళ్లాం. కొందరు బీరు డబ్బాలు తెచ్చుకున్నారు. అక్కడ మందు ముట్టాలంటే 21 ఏళ్లు నిండాలి, కాబట్టి కాలేజీ పిల్లలకు ఇచ్చే ఆలోచన పెట్టుకోవద్దు. ఇంక బాత్రూమ్. మా పడవలో లేదు, చాలావాటిలో ఉండదట. గంటన్నర, రెండు గంటల ప్రయాణం. షుగర్ ఉన్నవాళ్లు ఎక్కే ముందే రేవులో వెళ్లి రండి, పెద్దవాళ్లకు ఆ మాట ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు మొహమాటపడి నీళ్లు తాగడం మానేస్తారు. అది ఇంకా ప్రమాదం, అక్కడి ఎండ మన కోస్తా ఎండలాగే చెమట పట్టించి నీరసపెడుతుంది. టోపీ, దోమల క్రీము, పూర్తి చేతుల బట్టలు పెట్టుకోండి. దిగేటప్పుడు కెప్టెన్‌కు టిప్పు ఇవ్వడం ఆనవాయితీ, బిల్లులో 15 నుంచి 20 శాతం దాకా ఇస్తారు. దాన్ని కూడా మొదటే లెక్కలో వేసుకుంటే చివర పంచుకునేటప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవలసిన పని ఉండదు.

ఎప్పుడు వెళ్లాలంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మొసళ్లు బాగా కనిపిస్తాయి. చలికాలంలో అవి తిండి మానేసి బురదలోనో బొరియల్లోనో మందంగా పడి ఉంటాయి, ఎండ కాసిన రోజున మాత్రం బయటికొస్తాయి. జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. వాతావరణం బాగోలేక పడవ రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా, వేరే రోజుకు మారుస్తారా అన్నది రాతలో తీసుకోండి.

ఇప్పుడు రేవులో జరిగింది చెప్పాలి. మా అల్లుడి స్నేహితులు ఇద్దరు చివరి నిమిషంలో మేమూ వస్తామంటూ వచ్చారు. కెప్టెన్‌కు అరవై దాటి ఉంటాయి. ఒక్కొక్కరి భుజం వైపు వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. ఒళ్లో ఉన్న ఏడు నెలల పిల్లనూ ఒక మనిషి కిందే లెక్కపెట్టారు. ఒకరు ఎక్కువయ్యారు. "చంటిపిల్ల కదండీ, ఒళ్లోనే కూర్చుంటుంది" అని మావాళ్లు నచ్చజెప్పబోయారు. ఆయన పడవలో అద్దం బిగించి పెట్టిన కాగితం దగ్గరికి తీసుకెళ్లి అందులోని అంకె చూపించారు. అంతే, ఇంకో మాట లేదు. డబ్బు ఎక్కువ ఇస్తామన్నా వినలేదు. చివరికి ఆ ఇద్దరిలో ఒకతను తనే దిగి ఒడ్డున కూర్చున్నాడు.

ఆ కాగితం సంగతి తెలుసుకోవాలి. డబ్బు తీసుకుని 6 మందికి మించి జనాన్ని ఎక్కించుకునే పడవను అక్కడ కోస్ట్ గార్డు వాళ్లు తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇవ్వాలి. ఎంతమంది ఎక్కొచ్చో అందులోనే రాసి ఉంటుంది. 6 మంది, అంతకు లోపైతే పడవకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ నడిపేవాళ్లకు లైసెన్సు ఉండాలి. పడవ మొత్తానికి డబ్బు కట్టినా ఆ అంకె మాత్రం మన చేతిలో ఉండదు. లెక్క అయ్యాక లైఫ్ జాకెట్లు ఏ బెంచీ కింద ఉన్నాయో తెరిచి చూపించారు, ఒకటి తనే తొడుక్కుని పట్టీలు బిగించి చూపించారు, పిల్లల సైజువి వేరే తీసి తల్లుల చేతికిచ్చారు. చేతులు పడవ బయటికి పెట్టొద్దన్నారు. అందరూ ఒకే పక్కకు ఫొటోకి లేవొద్దన్నారు. ఇదంతా అయ్యేసరికి ఐదు నిమిషాలు పట్టింది. మా మనవడు ఆ ఐదు నిమిషాలూ నోరు తెరుచుకుని విన్నాడు. క్లాసులో నేను ఎంత అరిచినా పిల్లలు అంత శ్రద్ధగా వినేవాళ్లు కారు.

రేవు వదిలి పది నిమిషాలు పోయేసరికి రెండు పక్కలా చెట్లు కమ్ముకున్నాయి. కోరంగి మడ అడవి చూసినవాళ్లకు ఆ నీళ్లలో నిలబడ్డ చెట్లు మరీ కొత్తగా అనిపించవు కానీ రెండూ వేరు. మనది ఉప్పునీటి అడవి, పోటుకు మునిగి పాటుకు తేలుతుంది. అక్కడ మేము తిరిగిన మేర మంచినీరు. కదులుతోందా లేదా అన్నట్టుంటుంది, టీ డికాషన్ రంగు. చెట్టు పేరు బాల్డ్ సైప్రస్. సూదుల్లాంటి ఆకులు, కాయ చూస్తే దేవదారు వర్గానిదే, అయినా చలికాలానికి ఆకంతా రాల్చేస్తుంది. మేము వెళ్లినప్పటికి ఆకు ఇటుక రంగుకు తిరుగుతోంది. మొదలు చుట్టూ నీళ్లలోంచి మోకాళ్లలా పొడుచుకొచ్చిన కణుపులు కనిపిస్తాయి. మన మడ చెట్లకు బురదలోంచి పైకి లేచే వేళ్లు గాలి పీల్చుకోవడానికని పాఠం చెప్పేదాన్ని. ఈ సైప్రస్ మోకాళ్లు ఎందుకున్నాయో శాస్త్రవేత్తలే ఇంకా ఒక మాట మీదికి రాలేదు. గాలి కోసమని కొందరు, మెత్తటి నేలలో చెట్టు నిలదొక్కుకోవడానికని కొందరు.

కొమ్మల నుంచి బూడిదరంగు నాచు మర్రి ఊడల్లా వేలాడుతూ ఉంటుంది. స్పానిష్ మాస్ అంటారు కానీ నిజానికి నాచు జాతి కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క. చెట్టు రసం పీల్చదు, గాలిలో తేమ మీద, దుమ్ము మీద బతికేస్తుంది. ఒకప్పుడు అక్కడి జనం దీన్ని కోసి, ఆరబెట్టి, పరుపుల్లోనూ కార్ల సీట్లలోనూ కూరేవారట. కెప్టెన్ వాళ్ల నాయనమ్మ మంచం మీద అలాంటి పరుపే ఉండేదని చెప్పారు. ఆయన కేజన్. 1755 నుంచి ఇంగ్లీషువాళ్లు కెనడా తూర్పు తీరం నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి. 1921లో లూసియానా రాజ్యాంగం బడిలో ఇంగ్లీషు తప్ప వేరే భాష కుదరదంది. ఆయన తండ్రి బడిలో ఫ్రెంచి మాట్లాడినందుకు మోకాళ్ల మీద నిలబడ్డాడట. టీచరుగా నాకు ఆ మాట గుచ్చుకుంది. మన బళ్లలో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసిన సంగతి మీ పత్రికలోనే చదివినట్టు గుర్తు.

మొసళ్ల కోసమే చాలామంది వెళతారు కాబట్టి వాటి గురించి. ఎలిగేటర్లు మన మొసళ్ల లాంటివే కానీ మూతి వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, నోరు మూస్తే కింది పళ్లు కనిపించవు. ప్రపంచం మొత్తంలో అమెరికాలోనూ చైనాలోనూ మాత్రమే ఉన్నాయి. మామూలుగా పడవ మీదికి ఎక్కవు. మొదటిది కనిపించినప్పుడు దుంగ అనుకున్నాం. దుంగకు రెండు చివరల్లో రెండు బుడిపెలున్నాయి, ఒకటి ముక్కు, ఒకటి కళ్లు. ఇంజన్ నెమ్మదించగానే మా వైపు తిరిగి వచ్చింది, నీళ్లు చీలిన గుర్తు కూడా లేదు. పడవకు బారెడు దూరంలో ఆగింది. కంటి మీద పారదర్శకంగా ఒక పొర అడ్డంగా జారి వెనక్కి వెళ్లింది. పాఠంలో ఆ మూడో రెప్ప బొమ్మ ఎన్ని ఏళ్లు గీశానో, కళ్లతో చూడడం మాత్రం అప్పుడే.

అది అంత దగ్గరికి ఎందుకొచ్చిందో ఆలోచించాలి. చాలా పడవల్లో మార్ష్‌మాలో అనే తెల్లటి స్పాంజి మిఠాయి విసురుతారు. అది తేలుతుంది, తెల్లగా కనిపిస్తుంది, మొసలి నోరు తెరుస్తుంది, ఫొటో వస్తుంది. ఇంజన్ శబ్దం వినగానే తిండి వస్తుందని వాటికి అలవాటైపోయింది. ఫ్లోరిడాలో అడవి మొసళ్లకు తిండి వేయడం చట్టరీత్యా నేరం, ఎందుకంటే మనిషికి అలవాటుపడిన మొసలి మనిషికి ప్రమాదం, తర్వాత దాన్నే చంపాల్సి వస్తుంది. లూసియానాలో ఈ జంతువు ఎంత గండం గడిచి బతికిందో తెలిస్తే మిఠాయి విసరబుద్ధి కాదు. తోలు కోసం కాల్చి కాల్చి కరువైపోతే 1962లో ఆ రాష్ట్రం వేట ఆపేసింది. పదేళ్లకు సంఖ్య పెరిగాక 1972లో లెక్క కట్టి కొంత వేటకు ఒప్పుకుంది. 1987లో అంతరించే జాతుల పట్టిక నుంచి తీసేశారు. ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలోనే 20 లక్షలకు పైగా ఉన్నాయని అక్కడి వన్యప్రాణి శాఖ అంటుంది. మా అమ్మాయి బుకింగ్ రోజే చెప్పింది, మాకు మిఠాయి వేయొద్దు, ఎన్ని కనిపిస్తే అన్ని చూస్తాం అని. కెప్టెన్ ఏమీ అనుకోలేదు సరికదా, ఆ మాట విని సంతోషించారు. పడవ మొత్తం మనది కాకపోతే ఈ మాట చెల్లేది కాదు, పక్కవాళ్ల పిల్లలు ఏడుస్తారు.

కొన్ని పడవల్లో మూతికి టేపు చుట్టిన మొసలి పిల్లను తెచ్చి చేతికిస్తారు. అది కూడా వద్దన్నాం. పిల్లలు అలిగారు. దానికి బదులు నేను వాళ్లకు గూడు కథ చెప్పాను. తల్లి మొసలి ఆకూ అలమూ బురదా పోగేసి దిబ్బ కట్టి అందులో గుడ్లు పెడుతుంది. ఆ చెత్త కుళ్లే వేడికే గుడ్లు పొదుగుతాయి. పిల్ల మగదా ఆడదా అన్నది ఆ వేడిని బట్టే తేలుతుంది, 33 డిగ్రీల దగ్గరైతే ఎక్కువ మగవి, 30 డిగ్రీలకు దిగితే ఆడవి. "అయితే ఏసీ పెడితే అన్నీ ఆడపిల్లలేనా అమ్మమ్మా?" అని మా మనవడు అడిగాడు. చాలా మంచి ప్రశ్న, జవాబు కూడా దాదాపు అవుననే.

ఇంక అసలు అడగవలసినది. బయల్దేరిన అరగంటకు ఒక మలుపు దాటాక కాలవ వెడల్పయింది. మా అమ్మాయి వెళ్లి, "కాసేపు ఇంజన్ ఆపుతారా? పది నిమిషాలు" అని అడిగింది. ఆయన తాళం తిప్పేశారు. మొదటి నిమిషం మనవాళ్లు ఉండబట్టలేక గుసగుసలాడారు, చిప్స్ ప్యాకెట్ చప్పుడైంది. తర్వాత అదీ ఆగింది. ఎక్కడో చేప ఎగిరి పడింది. తాబేళ్లు దుంగ మీది నుంచి ఒకటొకటిగా నీళ్లలోకి జారాయి. మేము రాకముందు ఏం జరుగుతోందో అదంతా మళ్లీ మొదలైంది. మడుగు అంచున ఒక నీలి కొంగ, మా నడుం ఎత్తు ఉంటుంది, ఒక కాలు ఎత్తి దించకుండా నిలబడి ఉంది. మేము దాన్ని చూస్తున్నంతసేపూ అది నీళ్లనే చూస్తోంది. ముక్కు దిగడం ఎవరికీ కనబడలేదు, చేప అడ్డంగా ముక్కులో ఉండడమే కనబడింది. దాన్ని గాల్లో తిప్పుకుని తల ముందుకొచ్చేలా సర్దుకుని మింగింది, మెడలో ఉబ్బు కిందికి దిగడం కూడా చూశాం. నాలుగేళ్ల పిల్లలు కూడా నోరు మెదపలేదు.

సరిగ్గా అప్పుడే ఇంకో పార్టీ పడవ వచ్చింది. స్పీకర్లు అదిరిపోతున్నాయి. కొంగ లేచిపోయింది. ఆ పడవలో వాళ్లు మా వైపు చేతులూపారు, ఆనందంగానే ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ వాళ్లు ఆ మలుపులో ఏమీ చూడలేదు, అక్కడ చూడవలసినది ఉందని కూడా వాళ్లకు తెలియదు. మా దగ్గరా స్పీకరుంది, పాటలున్నాయి, కేకుంది. అవన్నీ తిరుగు ప్రయాణంలో, రేవు దగ్గరపడ్డాక పెట్టుకున్నాం. పార్టీ ఏమీ తగ్గలేదు. మీరు వెళితే మొదటి సగం అడవికి, రెండో సగం పార్టీకి అని ఎక్కే ముందే గుంపులో అందరికీ చెప్పేయండి. పడవలోకొచ్చాక చెబితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు.

ఒక చోట కాలవ మొత్తం ఆకుపచ్చగా మూసుకుపోయింది. పడవలో ఉన్న తెలుగువాళ్లందరం ఒకేసారి "గుర్రపుడెక్క!" అన్నాం. కెప్టెన్ ఆశ్చర్యపోయారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ మొక్క 1884లో న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన పత్తి ఎగ్జిబిషన్ తర్వాత ఆ కాలవల్లో పాకిందంటారు. ఎంతగా పాకిందంటే, దీన్ని తినడానికి ఆఫ్రికా నుంచి నీటి గుర్రాలను తెప్పిద్దామని 1910లో లూసియానాకు చెందిన రాబర్ట్ బ్రూసార్డ్ అనే సభ్యుడు అమెరికా కాంగ్రెస్‌లో బిల్లే పెట్టారు. అది గట్టెక్కలేదు, మంచిదైంది. న్యూట్రియా అనే పెద్ద నీటి ఎలుకను బొచ్చు కోసం 1930లలో తెచ్చారు. అది తప్పించుకుని చిత్తడి గడ్డి వేళ్లతో సహా తినేస్తోంది. ఇప్పుడు దాని తోక తెచ్చిచ్చిన వేటగాడికి ప్రభుత్వం 6 డాలర్లు ఇస్తోంది. మావారు డెల్టా కాలవల్లో గుర్రపుడెక్క తీయించడానికి పడ్డ అవస్థలు గుర్తు చేసుకుని కెప్టెన్‌తో చాలాసేపు మాట్లాడారు. ఇద్దరికీ ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమైంది, విషయం మాత్రం పూర్తిగా అర్థమైంది.

సముద్రం వైపు పోతున్నకొద్దీ ఆకు లేని, బెరడు లేని చెట్లు వరసగా కనిపించాయి. ఎండిపోయిన సైప్రస్‌లు, ఉప్పునీరు లోపలికొచ్చి చచ్చిపోయాయి. 1927 వరద తర్వాత మిసిసిపీకి పొడుగునా గట్లు బలంగా కట్టారు. ఊళ్లు మునగడం తగ్గింది, కానీ ఏటా వరదతో పరుచుకోవలసిన ఒండ్రు నేరుగా సముద్రం పాలైంది. చమురు కంపెనీలు తవ్విన తిన్నటి కాలవల్లోంచి ఉప్పునీరు పైకొచ్చింది. 1930ల నుంచి ఆ రాష్ట్రం తీరంలో సుమారు 5 వేల చదరపు కిలోమీటర్ల నేల నీళ్లలో కలిసిపోయింది. 2021 ఆగస్టు 29న ఐడా తుపాను వచ్చినప్పుడు లఫీట్ ఊరు మునిగింది. కత్రినా తుపాను వచ్చింది కూడా 2005లో అదే తేదీన. కెప్టెన్ ఇల్లు ఇప్పుడు స్తంభాల మీద ఉంది, రేవుకు వస్తూ అలాంటి ఇళ్లు చాలా చూశాం. మావారు ఆ మాటలు విని చాలాసేపు మౌనంగా ఉన్నారు. మాది ఉప్పాడకు దగ్గర. సముద్రం అక్కడ ఇళ్లను, రోడ్డును కొరుక్కుంటూ రావడం మేము చూస్తూనే ఉన్నాం. 1996 నవంబరు తుపాను కోనసీమను ఎంత పీడించిందో కూడా మరిచిపోలేదు. కోరంగి మడ ఆ 235 చదరపు కిలోమీటర్లలో అలా నిలబడి ఉండడం మన అదృష్టం.

సంపాదకులు గారూ, ఇప్పుడు మన గోదావరి మాట. పాపికొండలకు ఆఫీసులు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ వాళ్లు లాంచీ మొత్తం మాట్లాడుకుని వెళ్లడం ఎప్పటినుంచో ఉంది. దిండిలో హౌస్‌బోట్లున్నాయి, కోరంగిలో పడవలున్నాయి. అందమైన చోట్లు, అందరూ చూడవలసినవి. 2017 నవంబరు 12న, కార్తీక మాసపు ఆదివారం నాడు, విజయవాడ దగ్గర ఫెర్రీ ఘాట్‌లో పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి సుమారు 50 మంది పోయారు. తర్వాత కంట్రోల్ రూములు పెట్టారు, నిబంధనలు రాశారు. వాటిని పాటించే బాధ్యత బోటువాళ్లది, అధికారులది. అయితే "ఇంకో నలుగురే కదా, సర్దుకుంటాం", "జాకెట్ వేసుకుంటే ఫొటో బాగోదు", "అటు పక్కకు పోనివ్వండి, దగ్గరగా చూద్దాం" అని పడవ మాట్లాడుకున్న మనమే నడిపేవాళ్ల మీద ఒత్తిడి తెస్తాం. డబ్బు మనం ఇచ్చాం కాబట్టి వాళ్లు కాదనలేరు. ఆ కేజన్ పెద్దాయన కాదనగలిగారంటే ఆయన వెనక చట్టం ఉంది, గోడకు ఆ కాగితం ఉంది. మన సరంగులకు కూడా అలాంటి అండ కావాలి.

అందుకని మీకొక విన్నపం. కార్తీక మాసం వస్తే మీ పత్రికలో పిక్నిక్‌ల పేజీ వేస్తారు. ఈసారి అందులో ఏ ఫొటో తగ్గించయినా సరే, పడవ ఎక్కే ముందు అడగవలసిన మాటలు ఒక బాక్సు కట్టి వేయండి. ఈ పడవకు ఎంతమందికి అనుమతి ఉంది, ఆ కాగితం ఎక్కడ, చంటిపిల్లల్ని లెక్కలో వేశారా, జాకెట్లు ఎక్కడున్నాయి, పిల్లల సైజువి ఉన్నాయా, ఈ రోజు నీటి మట్టం ఎంత, కంట్రోల్ రూము నుంచి అనుమతి వచ్చిందా. లాంచీల మీద కూడా అంకెను పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించేలా పర్యాటక శాఖ దృష్టికి తీసుకెళ్లండి. మీ విలేకరులు రేవుల్లో ఒక ఆదివారం నిలబడి, ఎక్కినవాళ్లను లెక్కపెట్టి, ఆ లెక్క సోమవారం పేపర్లో వేస్తే ఇంకా మేలు. కోరంగి, పాపికొండల బోట్లలో మొదటి అరగంట మైకు ఆపాలని కూడా అందులో ఒక వాక్యం చేర్చండి. కోరంగిలో నీటికుక్కలున్నాయి, మైకు మోగినంతసేపూ అవి బయటికి రావు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైర్డ్ సైన్స్ టీచర్, కాకినాడ